స్టెమ్ సెల్స్ సర్వే: వైఖరి ప్రశ్నల ఆల్ఫా 0.6 దాటడం లేదు

బెంగళూరులో చదివే తెలుగు నర్సింగ్ విద్యార్థులకు స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగల కణాలు), రీజెనరేటివ్ మెడిసిన్ (దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేసే వైద్యం) మీద సర్వే. పైలట్‌కి 40 మంది. అవగాహన ప్రశ్నలతో ఇబ్బంది లేదు. వైఖరికి 10 వాక్యాలు, 5 పాయింట్ల లైకర్ట్ (అస్సలు ఒప్పుకోను నుంచి పూర్తిగా ఒప్పుకుంటాను దాకా 1–5). చిక్కంతా ఇక్కడే: క్రాన్‌బాక్ ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చూపే అంకె, ఎక్కువుంటే మేలు) 0.44.

వ్యతిరేకార్థపు వాక్యాలు మూడింటికి 6 లోంచి స్కోరు తీసేసి రివర్స్ కోడింగ్ చేశాను, 0.52కి వచ్చింది. స్టెమ్ సెల్‌కి వాక్యాల్లో "మూలకణం" అని రాశాను, దాన్ని మొక్క వేరులోని కణమనుకున్నవాళ్లూ ఉన్నారు! "స్టెమ్ సెల్" అని మార్చి మరో 20 మందికి ఇస్తే 0.58 దగ్గర ఆగింది.

రెండు వాక్యాలకు ఐటమ్-టోటల్ కోరిలేషన్ (ఒక వాక్యం స్కోరు మిగతావాటి మొత్తంతో ఎంత కలిసి నడుస్తుందో) మైనస్‌లో ఉంది. ఒకటి, "బొడ్డుతాడు రక్తం ప్రైవేటు బ్యాంకులో దాచడం ప్రతి కుటుంబానికీ అవసరం". ఇది రాయడంలోనే పొరపాటు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దీన్ని సిఫారసు చేయదని తెలిసినవాళ్లు "ఒప్పుకోను" అంటారు, అంటే కొలుస్తున్నది వైఖరిని కాదు, అవగాహనను. తీసేస్తాను. రెండోది, "పిండం నుంచి కణాలు తీయడం తప్పు". దీన్ని తీసేస్తే నైతికత కోణమే పోతుంది. ఏ వాక్యాలు ఒక గుంపుగా చేరతాయో తేల్చే ఫ్యాక్టర్ అనాలిసిస్‌కి ఈ శాంపిల్ చాలదు.

ఈ పిండం వాక్యానికి తోడు మరో మూడు నైతికత వాక్యాలు రాసి, వేరే సబ్‌స్కేల్‌గా (విడిగా స్కోరు ఇచ్చే చిన్న గుంపుగా) విడదీసి, దాని ఆల్ఫా విడిగా చూపిస్తే సరిపోతుందా?