షుగర్ గోలీ డోసు నర్సు మార్చొచ్చా, డాక్టరే మార్చాల్నా?

దేవరకొండ రోడ్డు: డాక్టరు లేని పల్లె దవఖానల షుగర్ రిజిస్టర్ నడిపేది నర్సే. డాక్టరు రాసిన గోలీలు నెలనెలా ఇస్తది. మెట్‌ఫార్మిన్ 500 పొద్దుమాపు వేసుకుంటున్నా మూడు నెలల సంది షుగర్ దిగకపోతే, డోసు పెంచే అధికారం ఆమెకు ఉండాల్నా?

కొల్లాపూర్ మామిడి: ఉండొద్దు. దవఖానల చూసేది ఎక్కువ ర్యాండమే, అంటే తిన్నరా లేదా చూడకుంట ఎప్పుడంటే అప్పుడు చేసే షుగర్ పరీక్ష. గటుక తాగిన గంటకు వస్తే 240, ఏం తినకుంట వస్తే 150. ఆ ఒక్క అంకె చూసి, షుగర్‌ను మరీ కిందికి దించగల గ్లిమిపిరైడ్ గోలీ పెంచితే, పత్తి ఏరుకుంట అన్నం ఆలస్యం చేసిన కూలిమనిషి చెల్కలనే పడిపోతది. మెట్‌ఫార్మిన్‌కైనా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడాలె. దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత అంకె) 30 కంటే తగ్గితే ఆ గోలీ ఆపుడే.

మూసీగట్టు: ర్యాండమ్ చూసి పెంచుమని ఎవరన్నరు సార్? పరగడుపు 126 దాటితే...

కొల్లాపూర్ మామిడి: 126 జబ్బు ఉన్నదా లేదా తేల్చే అంకె అక్కా. మందు సరిపోతున్నదా అని చూసేటప్పుడు పరగడుపు 80 నుంచి 130, తిన్నంక 180 లోపల. ముసలోళ్లకు ఇంకొంచెం వదులు. ఇదే కలగలిపితే డోసు ఎట్ల మారుస్తరు?

జొన్నగటుక: ముందుగాల షుగర్ పరీక్ష స్ట్రిప్పులు ఉంటే గద.

మూసీగట్టు: మాట పూర్తి చేయనియ్యలే, అంకె పట్టుకున్నరు. సరే, పర్చీ సంగతి చెప్పుండ్రి. ఇన్సులిన్ 20 యూనిట్లు అని రాస్తరు, ఏ సీసా, ఏ సిరంజి అన్నది రాయరు. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే సీసాను, 40 యూనిట్ల సీసాకు చేసిన ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా గుంజితే ఒంట్లకు 50 యూనిట్లు పోతయి. 40 సీసాను 100 సిరంజితో గుంజితే 8 యూనిట్లే. అది పట్టుకునేది ఎవరు? ఒక్కచోటనే పొడిచి పొట్ట మీద గడ్డ కట్టిందా అని చెయ్యి పెట్టి చూసేది ఎవరు? ఆ గడ్డల పొడిస్తే మందు సరిగ్గ ఎక్కది, డాక్టరేమో డోసు చాలలేదని పెంచుతడు. వేలు కడగకుంట పరీక్ష చేస్తే, మామిడిపండు తిన్న చెయ్యి చాలు అంకె ఎక్కడికో పోనీకె.

కొల్లాపూర్ మామిడి: సిరంజి మాట నిజమే. అడిగింది అది కాదు గద.

పాలమూరు బస్టాండ్: బ్రిటన్ల శిక్షణ పొందిన నర్సులు 2006 సంది దాదాపు అన్ని మందులూ సొంతంగ రాస్తున్నరు. మన దగ్గర 2019 ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టం 32వ సెక్షన్ల కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కు పరిమిత లైసెన్సు అన్న మాట ఉన్నది.

కొల్లాపూర్ మామిడి: అక్కడ నర్సు ముందర కంప్యూటర్ల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ పాతయన్నీ కనిపిస్తయి. ఇక్కడ రక్తం పరీక్షలు చేసే హబ్‌కు పోయి, రిపోర్టు రావాలె. రిపోర్టు మెసేజ్ పోయిన ఫోన్ కొడుకు చేతిల ఉంటది, కొడుకేమో ముంబై వలస పోయిండు.

మూసీగట్టు: అంటే నర్సుకు రిపోర్టు చదవరాదనా? చెప్పులు ఇడిపించి, వేళ్ల సందులు చూసి, 10 గ్రాముల మోనోఫిలమెంట్ (సన్నటి నైలాన్ పోగు) వంగేదాక పాదానికి ఆనించి స్పర్శ చూసేది మేమే. మీ ఓపీల ఒక్కరి కాళ్లన్న చూస్తరా?

కొల్లాపూర్ మామిడి: నన్ను నర్సుల పగోన్ని చేయకుండ్రి. డాక్టరు ఫోన్ల "పెంచమ్మా" అంటడు, కాగితం మీద ఏం ఉండది. మనిషి పడిపోయి జిల్లా ఆస్పత్రికి పోతే నోటీసు ఎవరికొస్తది? నర్సుకే.

మూసీగట్టు: నేను మొత్తుకునేది గదే! పెంచుడు ఇప్పటికే మా చేతనే చేయిస్తున్నరు, నోటిమాట మీద. రాసియ్యుండ్రి: వేర్వేరు వారాల రెండుసార్లు పరగడుపు 130 దాటాలె, ఈ ఏడాది క్రియాటినిన్ బాగుండాలె, గోలీలు తప్పకుంట వేసుకుంటున్నట్టు తేలాలె. అప్పుడు మెట్‌ఫార్మిన్ ఇంకో 500 పెంచొచ్చు, అన్నం తోటి. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ పెంచుడు డాక్టరుకే.

జొన్నగటుక: అందరికీ అదే పట్టిక అతికిస్తరా? గర్భిణీలకు?

మూసీగట్టు: వాళ్లను సీదా డాక్టరు దగ్గరికే పంపుడు.

కొల్లాపూర్ మామిడి: మెట్‌ఫార్మిన్ దాక రాసిస్తే నాకు అడ్డం లేదు.

మూసీగట్టు: మరి తగ్గించుడు? కల్లు తాగి తినకుంట పండుకున్నోనికి తెల్లారి 58 వచ్చింది. మూడు చెంచాల చక్కెర తాపినం, 15 నిమిషాలకు మళ్ల చూసినం, లేచిండు. గ్లిమిపిరైడ్ ఆపుతందుకు కూడ డాక్టరు ఫోన్ ఎత్తేదాక ఆగాల్నా?

కొల్లాపూర్ మామిడి: ఆ పూట గోలీ ఆపుండ్రి, అడిగే పనిలేదు. గని ఇంటికి తోలొద్దు. ఆ మందు పని దినమంత ఉంటది, చక్కెరతోని లేచినోడు మళ్ల పడిపోతడు. పెద్ద దవఖానకు పంపుండ్రి. తర్వాత ఎంత వేసుకోవాలె అన్నది డాక్టరే రాయాలె. ఇక్కడ మాత్రం నేను జరుగ.