నాలుగేళ్ళవాడికి కరాటే ఆటలు: నిగ్రహం వస్తుందా, భయం వస్తుందా?

నాలుగేళ్ళవాడి అమ్మ (ఎంవీపీ కాలనీ, విశాఖ)
మా వాడికి వచ్చే నెల నాలుగేళ్ళు నిండుతాయి. వాడు వెళ్ళే ప్లేస్కూలులో వారానికి రెండు రోజులు కరాటే ఆటలు మొదలుపెడుతున్నారు. తన్నడం, కొట్టడం ఉండవట. మాస్టారు ‘హజిమే’ అంటే పరుగెత్తాలి, ‘యామే’ అంటే ఉన్నచోటే ఆగిపోవాలి. ముందూ చివరా వంగి నమస్కరించాలి. ఏకాగ్రత, నిగ్రహం వస్తాయంటున్నారు. ఇంత చిన్నవాళ్ళకు పనికొస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

డోజో మాస్టారు
సందేహించకుండా చేర్పించండమ్మా. ఇరవై రెండేళ్ళుగా నా డోజోలో, అంటే కరాటే బడిలో, నేర్పుతున్నాను. ఈ వయసువాళ్ళకు నేను నేర్పేదల్లా ఆగడం. పరుగెత్తమంటే ప్రతి పిల్లవాడూ పరుగెత్తుతాడు. మంచి ఊపులో ఉండగా ‘యామే’ వినబడితే ఆగగలడా? మొదటి వారం పదడుగులు దాటిపోయి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటారు. రెండు నెలలయ్యేసరికి ఒక కాలు గాలిలో ఉండగానే బిగుసుకుపోతారు. ఇంకో ఆట ఉంది. దారానికి కాగితం వేలాడదీస్తాను. పిడికిలి విసిరి, కాగితానికి తగలకుండా అంగుళం ముందు ఆపాలి. చింపడం ఎవరికైనా వస్తుంది, ఆపడానికే సాధన కావాలి.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2004లో లేక్స్, హోయ్ట్ అనే అమెరికా పరిశోధకులు 207 మంది బడిపిల్లలను తీసుకుని, కొందరికి మూడు నెలలు కరాటే లాంటి కొరియా విద్య తైక్వాండో నేర్పించి చూశారు. మామూలు వ్యాయామ తరగతికి వెళ్ళినవాళ్ళ కంటే వీళ్ళకే నిగ్రహం ఎక్కువ పెరిగింది.

పూలబడి టీచర్
ఆ పరిశోధన నేనూ చదివాను మాస్టారూ. అందులోని పిల్లలు కిండర్‌గార్టెన్ నుంచి 5వ తరగతి దాకా. అంటే అక్కడ చిన్నవాడికే ఐదేళ్ళు. ఈ అమ్మ అడుగుతున్న వయసువాళ్ళు అందులో లేనే లేరు. పైగా మగపిల్లల్లో కనిపించినంత మార్పు ఆడపిల్లల్లో కనిపించలేదు. ఆ ముక్క వదిలేశారేం?

ఆగే ఆటలు మనకు కరువా? స్టాచ్యూ ఆడని పిల్లలున్నారా? దాగుడుమూతల్లో దొంగ వేళ్ళ సందుల్లోంచి చూడకుండా ఇరవై దాకా లెక్కపెట్టడం నిగ్రహం కాదా? ‘తల’ అంటే కాలివేళ్ళు, ‘కాలివేళ్ళు’ అంటే తల ముట్టుకునే తిరకాసు ఆటతోనే పరిశోధకులు చిన్నపిల్లల నిగ్రహాన్ని కొలుస్తారు. దానికి తెల్ల బట్టలు, బెల్టు, పరీక్ష ఫీజు అక్కర్లేదు.

గాజువాక లెక్కలు
బెల్టు పరీక్షకు ఎంత తీసుకుంటున్నారు?

డోజో మాస్టారు
బెల్టు మాట నేనెక్కడ ఎత్తాను? నా దగ్గర ఆరేళ్ళలోపు వాళ్ళకు బెల్టు పరీక్షే లేదు.

గాజువాక లెక్కలు
మీ దగ్గర సరే. ఆ ప్లేస్కూలులో?

ఉక్కునగరం తాత
నాకు ఒక్కటే అభ్యంతరం. వంగి నమస్కరించడం జపాన్ వాళ్ళ పద్ధతి. చేతులు జోడించే నమస్కారం మనకుంది. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన ఉత్తరాంధ్ర ఇది. మన కర్రసాము మనకుండగా ఆ వంగడం ఎందుకు?

డోజో మాస్టారు
నాయుడు గారంటే నాకూ గౌరవమే తాతగారూ. నాలుగేళ్ళవాడి చేతికి కర్ర ఇస్తారా?

ఉక్కునగరం తాత
కర్ర ఇమ్మని ఎవరన్నారు? నేను వంగడం గురించి అడిగాను.

బీచ్ రోడ్డు నడక
పొద్దున్నే ఆర్కే బీచ్ ఇసుకలో అరగంట పరుగెత్తించండి. రాత్రి ఎనిమిదికే పడుకుంటాడు. ఖర్చు లేదు.

పూలబడి టీచర్
నా అనుభవం కూడా వినండి. మా పెద్దవాడిని ఐదో ఏట ఇలాంటి తరగతిలోనే చేర్పించాను. చెప్పగానే ఆగలేదని అందరి ముందూ ఇరవై గుంజీలు తీయించారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరు గట్టిగా పిలిచినా ఉలిక్కిపడేవాడు. అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి అలాగే ఆగిపోయేవాడు. మీరు చెప్పే ఆగడం వాడికి బాగానే వచ్చింది మాస్టారూ.

డోజో మాస్టారు
ఎవరో చేసిన పాపానికి నన్ను బోనులో నిలబెడుతున్నారు. గుంజీలు బడుల్లో లేవా? మీ పూలబడులు ‘వీడు కూర్చోడు, మా వల్ల కాదు’ అని చేతులెత్తేసిన పిల్లలే నా దగ్గరకు వస్తారు. వాళ్ళను ఎవరు చేరదీస్తున్నారో కాస్త చూడండి.

పూలబడి టీచర్
చేరదీయడం మంచిదే. మీ కేకకు ఆగినవాడు మీ మాట విన్నాడు, అంతే. తనను తాను ఆపుకున్నాడని ఎలా అంటారు? మీరు లేనప్పుడు, తమ్ముడు బొమ్మ లాక్కున్నప్పుడు, ఎత్తిన చెయ్యి ఆగిందా? అది చెప్పండి, ఒప్పుకుంటాను.

డోజో మాస్టారు
ఈత నేర్చుకునేవాడి నడుముకు సొరకాయ బుర్రలు కట్టేవాళ్ళం. జీవితమంతా కట్టామా? మూడో నెల నుంచి ‘యామే’ అనేది నేను కాదు, పిల్లలే వంతులవారీగా అంటారు. ఆ తర్వాత ఎవరూ అనరు, మనసులో ఐదు లెక్కపెట్టుకుని ఎవరికి వారే ఆగాలి. ఇంటి దగ్గర తమ్ముడి సంగతి అంటారా? కొందరిలో మార్పు వచ్చిందని తల్లులు చెప్పారు. అందరిలోనూ వచ్చిందని అబద్ధం చెప్పను.

నాలుగేళ్ళవాడి అమ్మ
దయచేసి గొడవ పడకండి. నేను మొదట అంతా చెప్పలేదు. ‘మీ వాడు ఇరవై నిమిషాలు కూడా కుర్చీలో కూర్చోవడం లేదు. ఎల్‌కేజీలో సీటు కావాలంటే ఈ తరగతి తప్పనిసరి’ అన్నారు ప్లేస్కూలువాళ్ళు. నా పెంపకం వల్లే ఇలా ఉన్నాడని మా అత్తగారు. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు.

పూలబడి టీచర్
ఇది ముందే చెప్పాల్సింది అమ్మా. నాలుగేళ్ళవాడు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోకపోవడం కూడా ఒక లోపమేనా? 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా పెట్టి, ఆటపాటలతో నేర్పమంది. వాళ్ళు టైంటేబులు మార్చుకోవాలి. మీ పెంపకంలో తప్పేమీ లేదు.

డోజో మాస్టారు
ఇరవై నిమిషాలా? ఈ వయసువాళ్ళతో నా దగ్గర ఏ ఆటా ఐదు నిమిషాలు దాటదు. కుర్చీకి కట్టేయడానికి కరాటేను తాడుగా వాడతామంటే నేనూ ఒప్పుకోను. అయినా చేర్పించమనే అంటాను. వాడు పరుగెత్తడానికైనా ఒక చోటు దొరుకుతుంది.

పూలబడి టీచర్
సీటు ఆశ చూపించి తప్పనిసరి అంటున్నచోట చేర్పించమంటారా? ఇంతసేపూ ఏం మాట్లాడుకున్నాం?

డోజో మాస్టారు
మీరు బడి గురించి మాట్లాడుతున్నారు. నేను పిల్లవాడి గురించి మాట్లాడుతున్నాను.

ఉక్కునగరం తాత
వంగడం కూడా తప్పనిసరా అని కనుక్కో అమ్మా.

నాలుగేళ్ళవాడి అమ్మ
శనివారం మొదటి తరగతిని తల్లిదండ్రులు చూడవచ్చట. వెళ్తున్నాను. సీటుకూ దీనికీ ముడిపెట్టడం గురించి కూడా అడుగుతాను. నిన్న సాయంత్రం మేడమీద స్టాచ్యూ ఆడించాను. మా వాడు ఏడు లెక్కపెట్టేదాకా కదలలేదు. మా అత్తగారు నాలుగుకే నవ్వేశారు.