పది నిమిషాలకే ఆగిపోతున్న సిస్టమ్, తెరవకుండానే బోర్డు పోయిందన్న మెకానిక్: మీకూ ఇలా జరిగిందా?

హాలియా ఆన్‌లైన్ సెంటర్:
అందరికీ నమస్కారం. హాలియాలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. దరఖాస్తులు, హాల్‌టికెట్లు, జిరాక్స్ నా పని. సిస్టమ్ 2016లో కొన్నది, నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్‌లు రెండు. నెల కిందటి నుంచి ఆన్ చేసిన పది పదిహేను నిమిషాలకు కరెంటు పోయినట్టు ఒక్కసారిగా ఆగిపోతోంది. నీలం తెర రాదు, ఏ హెచ్చరికా రాదు. వెంటనే ఆన్ చేస్తే రెండు మూడు నిమిషాలు కూడా నిలవదు. అరగంట వదిలేస్తే మళ్లీ పది నిమిషాలు పనిచేస్తుంది. నల్లగొండలో ఒక దుకాణానికి మోసుకెళ్తే మూత కూడా తీయకుండా ‘మదర్‌బోర్డు పోయింది’ అన్నాడు. ఎనిమిది రోజులు తిప్పి, చిప్ లెవల్‌లో, అంటే బోర్డు మీది చిన్న భాగాలనే విప్పి బాగుచేశామని చెప్పి 2,800 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు. దుకాణంలో గంటసేపు నడిపి చూపించాడు, బాగానే ఉంది. ఇంటికొచ్చాక ఆ సాయంత్రమే మళ్లీ ఆగిపోయింది. పైగా ఇప్పుడు 8 జీబీ బదులు 4 జీబీయే చూపిస్తోంది. అసలు లోపం ఎక్కడుంది? ర్యామ్ తీసేసుకున్నాడా, ఎలా అడగాలి? నల్లగొండలో గానీ మిర్యాలగూడలో గానీ నమ్మకంగా చేసేవారు ఎవరైనా ఉన్నారా? దరఖాస్తుల చివరి తేదీలు దగ్గర పడుతున్నాయి, వచ్చినవాళ్లను వెనక్కి పంపుతున్నాను.

వనపర్తి స్టూడియో:
ర్యామ్ పోతే కొనుక్కోవచ్చు తమ్ముడూ. నాకు పోయింది డబ్బుతో వచ్చేది కాదు. కంప్యూటర్ నెమ్మదించిందని ఒకతనికి ఇచ్చాను. మర్నాడు ‘కొత్తదానిలా చేశానన్నా’ అని సంతోషంగా తెచ్చి పెట్టాడు. తెరిచి చూస్తే సి డ్రైవ్‌తో పాటు డి, ఇ కూడా ఖాళీ. మూడు పెళ్లిళ్ల ఫోటోలు అందులో ఉన్నాయి. ఒక్క మాట అడగలేదు. హైదరాబాద్ తీసుకెళ్లి సాఫ్ట్‌వేర్‌తో వెలికితీయిస్తే సగానికి పైగా వచ్చాయి, కానీ పేర్లు లేవు, వరుస లేదు. వాటిలో ఒక పెళ్లికూతురి నాయనమ్మ నెల తర్వాత చనిపోయింది. ఆమె ఫోటో ఒక్కటైనా ఇవ్వమని వాళ్లు మా స్టూడియోకు వచ్చారు. ఒకటి దొరికింది. పై సగంలో ఆమె ముఖం, తల మీద కొంగు ఉన్నాయి. కింది సగమంతా బూడిదరంగు. అక్షింతలు వేస్తున్న చేతులు ఆ బూడిదలో పోయాయి. దాన్నే ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు. అందుకే అడుగుతున్నాను, నువ్వు హార్డ్‌డిస్క్ తీసి ఇచ్చావా, అలాగే ఇచ్చేశావా? నీ దగ్గరికి వచ్చేవాళ్ల ఆధార్ కాపీలు, సర్టిఫికెట్లు అందులోనే ఉంటాయి కదా?

దేవరకొండ డిగ్రీ:
నా ల్యాప్‌టాప్‌లో తెర నల్లగా మారింది. ‘గ్రాఫిక్స్ చిప్ పోయింది, రీబాలింగ్ చేయాలి’ అని 4,500 అడిగాడు. అమ్మ పత్తి ఏరిన కూలి డబ్బులు తెచ్చి ఇచ్చాను. సరిగ్గా 18 రోజులు పనిచేసింది. మళ్లీ తీసుకెళ్తే ‘గ్యారంటీ పదిహేను రోజులే’ అన్నాడు. ఆ మాట ముందు చెప్పనే లేదు.

చిప్‌లెవల్ సూర్యాపేట:
నేను 19 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చేతిలోంచి వేల బోర్డులు వెళ్లాయి. దేవరకొండ తమ్ముడూ, అతను రీబాలింగ్ చేయలేదు. చిప్ ఊడదీసి, కింద ఉండే పాత టంకం గుండ్లన్నీ తీసి, కొత్తవి అచ్చు మీద పేర్చి మళ్లీ అతికించాలి. దానికి యంత్రం కావాలి. నీకు జరిగింది హీట్‌గన్‌తో వేడిగాలి కొట్టడం. లోపల వదిలిన అతుకు వేడికి తాత్కాలికంగా పట్టుకుంటుంది, కొన్ని రోజులకు మళ్లీ వదులుతుంది.

హాలియా వారికి: వెంటనే ఆన్ చేస్తే తక్కువసేపు, చల్లారాక ఎక్కువసేపు పనిచేస్తోందంటే అది వేడి. బోర్డు కాదు. ప్రాసెసర్ మీది కూలర్ చూడండి, తర్వాత ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి పవర్ సప్లై డబ్బా చూడండి. ర్యామ్ ఎవరూ తీసి ఉండకపోవచ్చు, స్లాట్‌లో సరిగా కూర్చోకపోయినా 4 జీబీయే చూపిస్తుంది. తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టండి.

పాలమూరు ల్యాబ్:
అన్నీ బాగా చెప్పారు, రబ్బరు మాట మాత్రం తప్పు. మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో 60 సిస్టమ్‌లు చూస్తున్నాను. ఆ పళ్ల మీద ఉండేది మైక్రాన్‌లో చిన్న భాగమంత మందం బంగారు పూత. రబ్బరులో రాపిడి పొడి ఉంటుంది, ముఖ్యంగా సిరా చెరిపే గరుకు భాగంలో. నాలుగుసార్లు రుద్దితే కింది లోహం బయటపడుతుంది, తర్వాత తుప్పే. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే అదొక కొత్త జబ్బు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి తుడిస్తే చాలు.

చిప్‌లెవల్ సూర్యాపేట:
పుస్తకంలో రాసింది చెబుతున్నారు. హాలియాలో ఆ ఆల్కహాల్ ఏ దుకాణంలో దొరుకుతుంది? రబ్బరు ప్రతి ఇంట్లో ఉంది. 19 ఏళ్లలో రబ్బరు వల్ల పోయిన ర్యామ్ ఒక్కటి కూడా నేను చూడలేదు.

పాలమూరు ల్యాబ్:
మీరు చూడకపోవడానికి కారణముంది. మీరు రుద్ది ఇచ్చేస్తారు, రెండేళ్ల తర్వాత అది చెడితే మీ దగ్గరికే వస్తుందని ఏముంది? మా ల్యాబ్‌లో అవే 60 సిస్టమ్‌లు ఏళ్ల తరబడి నా కళ్ల ముందే ఉంటాయి. మునుపటి ఇన్‌ఛార్జి రబ్బరు వాడిన ర్యామ్‌ల పళ్లు ఇత్తడి చెంబు అడుగులా గోధుమరంగుకు తిరిగాయి. వాటిలో తొమ్మిదింటిని నేనే మార్చాను. ఇది పుస్తకంలోది కాదు.

మిర్యాలగూడ మిల్లు లెక్కలు:
ఇక్కడ రబ్బరు మీద కొట్లాడుకుంటున్నారు, అక్కడ ఆయన ర్యామ్ పోయింది. నాకు అనుమానమే లేదు, మెకానిక్ తీసుకున్నాడు. మా రైస్‌మిల్లు ఆఫీసు కంప్యూటర్‌కు 2019లో ఇదే జరిగింది. కొత్త 500 జీబీ డిస్క్ ఇస్తే పాత 320 జీబీ పెట్టి పంపాడు. అప్పటినుంచి ఇచ్చేముందు మూత తీసి, ప్రతి భాగం మీది సీరియల్ నంబరు కనిపించేలా ఫోనులో ఫోటోలు తీస్తాను. ర్యామ్ మీద, డిస్క్ మీద మార్కర్‌తో ఆ రోజు తేదీ రాస్తాను. మెకానిక్ ముందే రాస్తాను, అతనికి తెలియాలి. ఏదైనా మార్చానంటే పాతది చేతిలో పెట్టాకే డబ్బులిస్తాను.

ఇంకో సంగతి, మిల్లుల దగ్గర ఉండేవాళ్లు ఫ్యాన్లు చూసుకోండి. తవుడు దుమ్ము మామూలు దుమ్ము కాదు, దానిలో నూనె ఉంటుంది. రెక్కలకు పట్టిందంటే బ్లోయర్‌కు రాదు, బ్రష్‌తో గీకాల్సిందే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో పట్టుకోండి, లేకపోతే పిచ్చివేగంతో తిరిగి బేరింగు పోతుంది.

చిప్‌లెవల్ సూర్యాపేట:
అందరినీ దొంగలంటే ఎలాగండీ? కళ్లతో చూడకుండా ‘తీసుకున్నాడు’ అని తేల్చేశారు. మా వైపు కూడా వినండి. బోర్డు లోపం పట్టడానికి మీటరు పట్టుకుని మూడు గంటలు కూర్చుంటాను. చివరికి దొరికేది రెండు రూపాయల కెపాసిటర్. 500 అడిగితే ‘రెండు రూపాయల ముక్కకు 500 ఏమిటి’ అంటారు. అదే బోర్డు పోయిందని చెప్పి 3,000 అడిగితే మాట్లాడకుండా ఇస్తారు. వెతికే పనికి కూలి ఇవ్వనివాళ్లే కొందరికి అబద్ధం నేర్పుతున్నారు. బాగుచేయించుకుని తీసుకెళ్లనివి నా దుకాణంలో ఇప్పుడు పదకొండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటిలో వేసిన సామాను డబ్బు నాదే.

మిర్యాలగూడ మిల్లు లెక్కలు:
కూలి ఇవ్వనని నేను ఎప్పుడూ అనలేదు. వెతికినందుకు ఇంత అని ముందే చెప్పండి, ఇస్తాం. చెప్పకుండా డిస్క్ మార్చడానికి అది కారణం కాదు. మీరు నిజాయతీపరులైతే నా మాట మీకు తగలకూడదు.

చిప్‌లెవల్ సూర్యాపేట:
తగులుతుంది. పండక్కి వచ్చిన బంధువులు కూడా ‘మీవాళ్లంతా ఇంతేనట’ అంటే తగులుతుంది.

కల్వకుర్తి వైర్‌మన్:
సిస్టమ్ ఆగిపోవడం సరే, క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందా? ఎవరూ అడగలేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ చెరో చిన్న కెపాసిటర్ ఉండి బాడీకి కలుస్తాయి. ఎర్తింగ్ లేకపోతే బాడీ మీద సగం వోల్టేజి, అంటే 115 దాకా నిలుస్తుంది. కరెంటు స్వల్పం కనుక ప్రాణాపాయం ఉండదు, కానీ ప్రింటర్ పోర్టులు, యూఎస్‌బీలు ఒక్కొక్కటిగా పోవడానికి అదీ ఒక కారణం. మన దగ్గర నేల రాతినేల. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వదిలేస్తారు. ఎండాకాలం గుంట ఎండిపోతే ఎర్తింగ్ ఉన్నా లేనట్టే. వారానికి ఒక బిందె నీళ్లు పోయాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే రెండు మూడు వోల్టులకు మించకూడదు. కల్వకుర్తిలో ఒక సెంటర్‌లో 40 చూశాను. వాళ్లు అప్పటికే మూడు బోర్డులు మార్చారు.

నల్లగొండ కమిషన్‌కు వెళ్లినవాడిని:
బిల్లు లేదని వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) చదవండి. చేసిన సేవకు బిల్లు గానీ రశీదు గానీ ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. మొదట వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను ఫ్రిజ్ విషయంలో వెళ్లాను. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్‌లో అతను పంపిన ‘రేపు రండి’ మెసేజ్‌లే నాకు ఆధారం అయ్యాయి. మీరు 2,800 నగదు ఇచ్చారా, ఫోనులో పంపారా?

హాలియా ఆన్‌లైన్ సెంటర్:
ఫోనులోనే పంపాను. స్టూడియో అన్నా, హార్డ్‌డిస్క్ అలాగే ఇచ్చేశాను. మీరు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫైళ్లు ఉన్నాయి, కానీ అతను కాపీ చేసుకున్నాడో లేదో తెలిసే దారి లేదు. లోపల తెరవడానికి భయంగా ఉంది.

గద్వాల వాసి:
మా దగ్గర ఇంకో రకం నడుస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగాయి కదా, ‘మీ సిస్టమ్ ఇక పనిచేయదు’ అని భయపెట్టి కొత్తవి అంటగడుతున్నారు. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి కావాలన్నది నిజం. పాతది ఆ రోజే చచ్చిపోతుందన్నది అబద్ధం. మా పెదనాన్న చేత 42,000 పెట్టించారు.

దేవరకొండ డిగ్రీ:
సూర్యాపేట అన్నా, నా ల్యాప్‌టాప్ ఇప్పుడు ఆన్ అవుతుంది, తెర మాత్రం నలుపు. చిప్పే అని ఎలా తెలుస్తుంది?

చిప్‌లెవల్ సూర్యాపేట:
చీకటి గదిలో ఆన్ చేసి, తెరకు దగ్గరగా టార్చి ఏటవాలుగా పట్టు. అక్షరాలు మసకగా కనిపిస్తే పోయింది వెనక దీపం మాత్రమే. కనిపించకపోతే హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలుపు. టీవీలో బొమ్మ స్పష్టంగా వస్తే చిప్ బాగున్నట్టే, కేబులో ప్యానెలో చూడాలి. అక్కడా చారలొచ్చినా, ఏమీ రాకపోయినా చిప్ మీదే అనుమానం. ఈ రెండూ చేశాక నాకు సందేశం పెట్టు, చూసినందుకు డబ్బులు వద్దు.

పాలమూరు ల్యాబ్:
హాలియా సోదరా, తెరవడానికి భయమైతే ముందు ఇది చేయండి. ఆన్ చేయగానే డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లండి. హార్డ్‌వేర్ మానిటర్ అనే చోట ప్రాసెసర్ వేడి, 12 వోల్టుల రీడింగ్ ఉంటాయి. 12 వోల్టులది 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. వేడి 80 డిగ్రీలు దాటి ఎక్కుతూ పోతుంటే కూలరే. ఫోనుతో వీడియో తీయండి. తర్వాత ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, అప్పుడు మూత తీయండి. రబ్బరు మాత్రం ముట్టకండి.

హాలియా ఆన్‌లైన్ సెంటర్:
చేశాను. బయోస్‌లో మొదట 61 ఉంది. నా కళ్ల ముందే ఎక్కుతూ పోయింది, ఏడో నిమిషంలో 97 చూశాను, అంతలో తెర నల్లబడింది. 12 వోల్టులది 12.1 దగ్గర కదల్లేదు.

చల్లారాక మూత తీశాను. కూలర్‌ను బోర్డుకు పట్టే ప్లాస్టిక్ కాళ్లు నాలుగు. ఎదురెదురు మూలల్లో రెండు పైకి లేచి ఉన్నాయి. వేలితో తోస్తే కూలర్ మొత్తం ఊగింది. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య రాసే పేస్టు ఎండిన సున్నంలా పొరలు రాలింది. బోర్డు మీద మాత్రం బూజుపట్టినట్టు దుమ్ము. కెపాసిటర్ల చుట్టూ, చిప్‌ల మీద ఒక్క వేలిముద్ర లేదు, ఒక్క చోట టంకం మెరుపు లేదు. చిప్ లెవల్‌లో చేశామన్న బోర్డును ఎవరూ తాకలేదు. దుకాణంలో ఎందుకు నడిచిందో ఇప్పుడు అర్థమైంది, మూత తీసి పెద్ద ఫ్యాన్ కింద పెట్టి నడిపాడు.

మిల్లు అన్నా, ర్యామ్‌లు రెండూ ఉన్నాయి. ఒకటి ఒక వైపు క్లిప్పు పడక వంకరగా నిలబడింది. తీసి, పొడి నూలు గుడ్డతో తుడిచి, టక్కుమనే దాకా నొక్కాను. 8 జీబీ చూపిస్తోంది. అతను ర్యామ్ దొంగ కాదు. ఇక్కడ అలా అడిగినందుకు బాధగా ఉంది. కానీ చేయని పనికి 2,800 తీసుకున్నాడు, ఆ మాట మార్చను. పేస్టు, కొత్త కాళ్లు మిర్యాలగూడ నుంచి తెప్పించుకుని బిగించాను. రెండు గంటలుగా నడుస్తోంది, 54 దాటలేదు.

మిర్యాలగూడ మిల్లు లెక్కలు:
మీ ర్యామ్ విషయంలో నేను తొందరపడ్డాను. సూర్యాపేట వారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోటోలు తీయడం మాత్రం మానను.

చిప్‌లెవల్ సూర్యాపేట:
తీయండి. నా దగ్గరికొచ్చినా తీయండి. హాలియా వారూ, ఆ దుమ్ము పట్టిన బోర్డు ఫోటో తుడవకముందే తీశారా?

హాలియా ఆన్‌లైన్ సెంటర్:
తీశాను, పద్నాలుగు ఫోటోలు. సోమవారం నల్లగొండ వెళ్తున్నాను. ఫోటోలు, బయోస్ వీడియో, చెల్లింపు రశీదు చూపించి డబ్బు అడుగుతాను. ఇవ్వకపోతే 1915.

కల్వకుర్తి వైర్‌మన్:
వెళ్లేముందు మీ టేబుల్ దగ్గర సాకెట్‌లో మూడో రంధ్రానికి వైరు ఉందో లేదో చూసి చెప్పండి. రెండుసార్లు అడిగించుకోకండి.