మూడు కిలోవాట్ల ఇంటికి మూడు ఎర్త్ పిట్లా? ఒకటి చాలదా?

పెన్నా గట్టు:
మాది అనంతపురం వైపు. పదేళ్లు హౌస్ వైరింగ్ చేసి, రెండేళ్లుగా ఇళ్ల మీద సోలార్ బిగిస్తున్నాను. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వాళ్ల సూర్యఘర్ పథకం (ఇంటి మీద సోలార్‌కి సబ్సిడీ) మొదలయ్యాక, మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అనేసరికి చిన్న ఇళ్లవాళ్లు కూడా పిలుస్తున్నారు. తంటా అంతా ఆ చిన్న ఇళ్లతోనే. రెండు సెంట్ల స్థలం, మూడు వైపులా పక్కింటి గోడలు, అరుగు పక్కన నాలుగు మూరల మట్టి. అందులోనే ప్యానెళ్లకి (డీసీ వైపు) ఒకటి, ఏసీ వైపు (ఇంటి కరెంటు వైపు) ఒకటి, ఎల్ఏకి (పిడుగు కోసం డాబా మీద పెట్టే లైటనింగ్ అరెస్టర్‌కి) ఒకటి, మూడు ఎర్త్ పిట్లు (కడ్డీ పాతి ఎర్త్ తీగ కలిపే గుంతలు) తియ్యాలి.

నిన్న ఒక ఇంట్లో తీశాం. నాలుగడుగులు దిగేసరికి రాయి. రాయి పగలగొట్టి కడ్డీలు దింపి, కెమికల్ పోసి ఎర్త్ నిరోధం (ఎంత తక్కువైతే అంత మంచిది) కొలిస్తే 38, 45, 41 ఓమ్‌లు వచ్చాయి. కావాల్సింది 5 లోపు. ఒక్కో పిట్‌కీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. "ఒకే చోట మూడు గుంతలెందుకయ్యా, బావి తవ్వుతున్నావా?" అని ఇంటాయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మూడూ విడివిడిగా ఉంచాల్సిందేనా? కింద ఇనుప పట్టీ వేసి కలిపేస్తే తప్పా?

పాత లైన్‌మన్:
తమ్ముడూ, ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి దిగినవాణ్ని, నా మాట విను. ఎల్ఏ ఎర్త్‌ని ఇంటి ఎర్త్‌తో కలపొద్దు. పిడుగు పడితే ఆ కరెంటంతా ఇంట్లో ఫ్రిజ్ బాడీ మీదికి, మోటార్ మీదికి ఎక్కుతుంది. విడిగా ఉంటే దాని దారిన అది భూమిలోకి పోతుంది. మా కాలం నుంచీ ఇదే పద్ధతి. బొగ్గు, ఉప్పు దండిగా వెయ్యి. ఎండాకాలం రోజూ రెండు చెంబుల నీళ్లు పొయ్యమని ఇంటావిడకి చెప్పు.

డాబామీద:
పెద్దాయనా, మీ మీద గౌరవం ఉంది గానీ ఈ మాట ఒప్పుకోలేను. ఒకసారి లెక్క చూడండి. 20,000 ఆంపియర్ల పిడుగు, 5 ఓమ్‌ల పిట్. రెండూ హెచ్చవేస్తే లక్ష వోల్టులు. "బాగున్న" పిట్ కూడా ఆ క్షణాన లక్ష వోల్టులకు లేస్తుందన్నమాట. పెన్నా గారి 41 ఓమ్‌ల పిట్ అయితే చెప్పనే అక్కర్లేదు. అప్పుడు పక్కనున్న ప్యానెల్ పిట్ ఒక వోల్టేజీలో, ఏసీ పిట్ ఇంకో వోల్టేజీలో ఉంటాయి. ఆ తేడా ఎక్కడో ఒకచోట దూకాలి కదా? డీసీ వైపు ఒక ఎర్త్, ఏసీ వైపు ఒక ఎర్త్, మధ్యలో ఉన్నది మన ఇన్వర్టర్ (డీసీని ఏసీగా మార్చే పెట్టె) బోర్డు. అక్కడే దూకుతుంది.

మూడూ కలిపితే అన్నీ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. పదకొండు వేల వోల్టుల తీగ మీద పిట్ట హాయిగా కూర్చోవడం మీరు రోజూ చూసిందే.

పాత లైన్‌మన్:
పిట్టకి రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి బాబూ. మనిషి అలా కాదే! తడి నేల మీద నిలబడి గ్రైండర్ ముట్టుకునే ఇల్లాలి సంగతేంటి? నీ ఎర్త్ లక్ష వోల్టులకు లేస్తే గ్రైండర్ బాడీ కూడా లేస్తుంది. ఆమె కాళ్ల కింద నేల లేవదు.

డాబామీద:
ఇది సరైన ప్రశ్న, దాటవెయ్యను. పిడుగు పడుతున్నప్పుడు ఇంట్లో ఎవరూ ఇనుప వస్తువు ముట్టుకోకూడదనేది అందుకే. పునాది కమ్మీలతో సహా అన్నీ కలిపి కడితే నేల కూడా ఎర్త్‌తో పాటే లేస్తుంది, కానీ కట్టేసిన పాత ఇంట్లో ఆ పని కుదరదు. అయినా ఒకటి ఆలోచించండి. మూడడుగుల దూరంలో ఉన్న పిట్లు పైన తీగతో కలపకపోయినా కింద మట్టి కలిపే ఉంచుతుంది. పెన్నా గారి పిట్లు ఇప్పుడు పూర్తిగా విడీ కాదు, సరిగ్గా కలిసినవీ కాదు. రెండిట్లో ఏ లాభమూ లేదు.

రూలంటే రూలే:
ఇంజినీరింగ్ చర్చ బాగుంది గానీ, తనిఖీకి వచ్చినవాళ్లు పిట్లు లెక్కపెడతారు. ఏసీ, డీసీ, ఎల్ఏ, మొత్తం మూడు. ఒకటి తగ్గితే ఫోటో అప్‌లోడ్ దగ్గరే ఫైలు ఆగుతుంది, కస్టమర్‌కి సబ్సిడీ ఆగుతుంది, మనకి ఫోన్లు ఆగవు. అందుకని మూడూ తియ్యండి. అయితే టెండర్ పత్రాలు చదివినవాళ్లకి తెలుసు, మూడు పిట్లు అన్న చోటే ఎర్తింగ్ పాయింట్లన్నీ ఒకే పొటెన్షియల్‌లో (వోల్టేజీలో) ఉండేలా బాండ్ చెయ్యాలన్న (కలిపి కట్టాలన్న) వాక్యం కూడా చాలావాటిలో ఉంటుంది. మొదటి వాక్యం దగ్గరే చదవడం ఆపేస్తే ఈ గొడవ ఎప్పటికీ తేలదు.

ఇంటి ఓనర్‌ని:
నేను ఎలక్ట్రీషియన్ని కాను, మా ఇంటి కథ చెప్పి పోతాను. మాకు బిగించినాయన మూడు సిమెంటు మూతలు వరసగా చక్కగా పెట్టి, పచ్చ రంగు వేసి, ఫోటోలు తీసుకుని వెళ్లాడు. ఆరు నెలల తర్వాత కొబ్బరి మొక్క నాటుదామని పక్కన తవ్వితే రెండు మూతల కింద కడ్డీయే లేదు. పట్టీ మట్టిలోకి జానెడు దిగి ఆగిపోయింది. మూడు పిట్ల డబ్బులూ తీసుకున్నాడు. మూడు కావాలా ఒకటి చాలా అని మీరు కొట్టుకుంటున్నారు, ముందు ఒక్కటైనా నిజంగా ఉందో లేదో చూడండి బాబూ.

ఉప్పుగాలి:
ఓనర్ గారికి దండం. నాదీ అదే బాధ. అందరూ కింద గుంత గురించే మాట్లాడుతున్నారు, పైన ఏముందో ఎవరూ చూడరు. విశాఖ బీచ్ వైపు ఇళ్లలో సర్వీసుకి వెళ్తుంటాను. పది ఇళ్లు ఎక్కితే సగం ఇళ్లలో ప్యానెల్ ఫ్రేముకి ఎర్త్ అందనే అందదు. ఎందుకంటే అల్యూమినియం ఫ్రేము మీద యానోడైజింగ్ పూత ఉంటుంది. అది కరెంటుని పోనివ్వదు. దాని మీద మామూలు వాషర్ పెట్టి బోల్టు బిగిస్తే తీగ వేలాడుతుంది, అంతే. పూతని గీరుకుని లోపలికి దిగే పళ్ల వాషర్ కావాలి, అదీ ఫ్రేము మీద ఎర్త్ గుర్తు ఉన్న రంధ్రంలోనే. ఇంకొందరు ఉత్త రాగి తీగని నేరుగా అల్యూమినియానికి చుడతారు. ఉప్పు తేమ తగిలితే అల్యూమినియం తెల్లగా పొడిలా రాలిపోతుంది. తగరపు పూత ఉన్న లగ్ (తీగ చివర బిగించే తొడుగు) వాడితే ఈ బాధ ఉండదు.

పొద్దున్నే మంచు తడి మీద ప్యానెళ్లు తుడుస్తుంటే వేళ్లకి చిమచిమలాడుతోందని కస్టమర్ ఫోన్ చేస్తే నేను పిట్ దగ్గరికి పోను, నేరుగా డాబా ఎక్కుతాను. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లతో ఫ్రేము మీదికి కొంచెం లీకేజీ ఎప్పుడూ వస్తుంది. ఎర్త్ అందితే అది కిందికి పోతుంది, లేకపోతే మన వేళ్లలోంచి పోతుంది.

(కోతులున్న ఊళ్లవాళ్లు ఎర్త్ తీగని కూడా పైపులో వెయ్యండి. ఎందుకో నన్ను అడక్కండి.)

పాత లైన్‌మన్:
వాషర్ సంగతి నాకు తెలియదు, తెలుసుకున్నాను. కానీ ఎర్త్ బలంగా ఉంటే చాలు, షార్ట్ అయిన వెంటనే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగే స్విచ్) పడిపోతుంది. అందుకే 5 ఓమ్‌లు అంటారు.

డాబామీద:
ఇక్కడా లెక్క వేరేలా వస్తుంది పెద్దాయనా. ఫేజ్ తీగ బాడీకి తగిలిందనుకోండి. 230 వోల్టులు, మన పిట్ 5 ఓమ్‌లు. కరెంటు 46 ఆంపియర్లు దాటదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ కూడా కలిస్తే ఇంకా తక్కువ. 32 ఆంపియర్ల ఎంసీబీ 46 దగ్గర పడిపోవడానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. సీ-కర్వ్ రకం ఎంసీబీ వెంటనే పడాలంటే దాని రేటింగ్‌కి కనీసం అయిదు రెట్లు కావాలి. సొంత పిట్ మీదే ఆధారపడ్డ ఇంట్లో మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ (కరెంటు కొంచెం లీకైనా లైను కట్ చేసే స్విచ్). పిట్‌కి వేలకు వేలు పెట్టి ఆర్‌సీసీబీ దగ్గర పిసినారితనం చూపించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఎస్పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్) గురించి కూడా ఒక మాట. పిడుగు దూరంగా పడ్డా వచ్చే సర్జ్‌ని (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని) మింగేది అదే. దాన్నుంచి ఎర్త్ బస్‌కి (ఎర్త్ తీగలన్నీ కలిసే పట్టీకి) వెళ్లే తీగ అర మీటరు దాటకూడదు. సర్జ్ వచ్చినప్పుడు మీటరు తీగ మీదే సుమారు వెయ్యి వోల్టులు నిలబడతాయి. డీసీడీబీని (ఎస్పీడీ ఉండే డీసీ పెట్టెని) అందంగా గేటు పక్కన పెట్టి, ఇన్వర్టర్‌ని మొదటి అంతస్తులో పెడితే ఆ ఎస్పీడీ గేటుని కాపాడుతుంది. ఇంకా ప్లస్ ఒక పైపులో, మైనస్ ఇంకో పైపులో గోడకి చెరో వైపు దింపేవాళ్లున్నారు, "షార్ట్ అవ్వకుండా" అట. ఆ రెండు తీగల మధ్య జాగా ఎంత పెద్దదైతే పిడుగు సర్జ్ అంత ఎక్కువ పుడుతుంది. రెండూ పక్కపక్కనే రావాలి.

రూలంటే రూలే:
ఇవన్నీ ఒప్పుకుంటాను. పెన్నా గారి 5 ఓమ్‌లు మాత్రం ఇంకా రాలేదు. కడ్డీకీ కడ్డీకీ మధ్య కనీసం ఒక కడ్డీ పొడవు దూరం లేకపోతే మూడు కలిపినా మూడో వంతుకి దిగదు.

పెన్నా గట్టు:
అందరికీ థ్యాంక్స్. జరిగింది చెప్తాను. మూడు పిట్లూ ఉంచాను, కింద జీఐ (జింకు పూత ఇనుము) పట్టీతో కలిపాను. కలిపితే 14 దాకా రావాలని లెక్క, వచ్చింది 24. రూల్ గారు చెప్పిన దూరం సమస్యే. పక్క వీధిలోకి బోరు బండి వచ్చింది. వాళ్లని బతిమాలి వాకిట్లోనే అరవై అడుగుల బొక్క వేయించి, జీఐ పైపు దించి, చుట్టూ బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) పోశాం. అదొక్కటే 7 ఓమ్‌లు వచ్చింది. నాలుగూ కలిపితే 5.4. ఫ్రేములకి పళ్ల వాషర్లు మార్చాను, ఆర్‌సీసీబీ పెట్టాను, ఎస్పీడీ పెట్టెని ఇన్వర్టర్ పక్కకి జరిపాను. లైన్‌మన్ గారూ, ఎల్ఏ కూడా కలిపాను. కోపం తెచ్చుకోకండి.

మిగిలింది ఆ 0.4. "తమ్ముడూ, రేపు సార్లు వచ్చే ముందు రెండు బిందెలు పోద్దాం" అని ఇంటాయన అన్నాడు. ఊరికే చూద్దామని పోసి కొలిస్తే 4.8 చూపించింది. ఇప్పుడు రిపోర్టులో ఏ అంకె రాయమంటారు?

పాత లైన్‌మన్:
నీళ్లు పొయ్యమని నేను మొదట్లోనే చెప్పానా లేదా!

డాబామీద:
5.4 రాయండి. పక్కన "మే నెల, ఎండు నేల" అని కూడా రాయండి.