వేడెక్కాక ఆగిపోతున్న 1969 ఎంజీబీ: ఏ భాగమూ మార్చకముందు ఏం పరీక్షించాలి?

ప్రశ్న (విశాఖపట్నం లాసన్స్ బే కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి నుంచి నా చేతికి వచ్చిన 1969 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ అనే రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారును ఇంటి షెడ్డులోనే బాగుచేసుకుంటూ నడుపుకోవాలని నా కోరిక. 1798 సీసీ ఇంజిను, రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు, ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాత పద్ధతి పాయింట్లు (కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే లోహపు ముక్కలు), అన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, బీచ్ రోడ్డు మీద పావుగంట సేపు చక్కగా నడుస్తుంది. ఆ తరువాత మద్దిలపాలెం కూడలిలో సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు ఇంజిను ఉన్నట్టుండి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలుగా అందుకుంటుంది. ఉష్ణోగ్రత ముల్లు మాత్రం ఎప్పుడూ ప్రమాద స్థాయికి చేరలేదు.

చూసిన మెకానిక్ ఒకరు ఇదంతా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మరిగిపోవడం వల్లనే అంటున్నారు. రెండు కార్బురేటర్లూ తీసేసి కొత్తరకం కార్బురేటర్ ఒకటి, కొత్త పంపు ఒకటి పెట్టిస్తే సరిపోతుందని ఆయన సలహా. అంత ఖర్చుకు దిగే ముందు నేను స్వయంగా చూసుకోగలిగినది ఏమైనా ఉందా? డోర్ల కింద పెయింటు బుడగలు లేస్తోంది, దాని గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (కంచరపాలెం నుంచి)

అయ్యా, దయచేసి ఆ కార్బురేటర్లను తీయించకండి. వేడికి ఆగి చల్లారాక అందుకునే బండిలో లోపం పెట్రోలు వైపు ఉండవచ్చు, కరెంటు వైపు కూడా ఉండవచ్చు. లక్షణాలు రెండింటికీ ఒకేలా కనిపిస్తాయి కనుక బండి ఆగిన ఆ రెండు మూడు నిమిషాల్లోనే, అంటే చల్లారకముందే, ఏ వైపో తేల్చుకోవాలి. చల్లారిన తరువాత ఎంత వెదికినా ఏమీ దొరకదు.

మీ బండిలో అందుకు ఒక మంచి సాక్షి ఉంది. ఆ కాలపు ఎంజీబీలో ఇంజిను చుట్లు చూపే మీటరు, స్పార్కు పుట్టించే కాయిల్‌కు వెళ్లే కరెంటు దారిలోనే కలిసి ఉంటుంది. ఇంజిను ఆగుతున్న క్షణంలో, చక్రాల ఊపుకు ఇంజిను ఇంకా తిరుగుతూ ఉండగానే ఆ ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే లోపం ఇగ్నిషన్ కరెంటు వైపు ఉందని అర్థం. ఇంజిను మందగించిన కొద్దీ ముల్లు కూడా నెమ్మదిగా దిగితే పెట్రోలును అనుమానించాలి. నిలిచి ఉన్నప్పుడు ఈ తేడా పట్టుకోవడం కష్టం కాబట్టి ఇంజిను బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, గేరులో వెళుతూ గమనించండి.

పెట్రోలు వైపు అయితే తాళం తిప్పి వెనుక ఉన్న ఎస్‌యూ పంపు శబ్దం వినండి. కార్బురేటర్లలో పెట్రోలు నిలిచే తొట్లు నిండేదాకా టిక్ టిక్‌మని కొట్టి ఆగిపోవడం దాని ధర్మం. కొట్టకుండా మౌనంగా ఉండి, తొట్లు కూడా ఖాళీగా ఉంటే దానిలోని పాయింట్లు మాడి ఉండవచ్చు. ఆగకుండా గబగబా కొడుతూనే ఉంటే టాంకు వైపు గొట్టంలో గాలి చొరబడుతున్నట్టు. టాంకు మూత తీసినప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట.

ఇథనాల్ గురించి మెకానిక్ గారు చెప్పినదానిలో కొంత నిజం లేకపోలేదు. ఆ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పలుచన (పెట్రోలు తక్కువ) చేస్తుంది. కాబట్టి గొట్టాలను ఇథనాల్‌కు తట్టుకునే, ఆర్9 అని ముద్ర ఉన్న రకానికి మార్చండి, కార్బురేటర్లకూ ఎగ్జాస్టుకూ నడుమ ఉండే, వేడి తగలనివ్వని రేకు ఊడిపోలేదని చూసుకోండి. మిశ్రమం సంగతి ఎస్‌యూలో తేలికగానే తెలుస్తుంది. ఇంజిను వేడిగా, నెమ్మదిగా తిరుగుతుండగా కార్బురేటర్‌లోని పిస్టన్‌ను (ఇంజిను పిస్టన్ కాదు) ఒక మిల్లీమీటరు లోపు పైకెత్తితే ఇంజిను ఆగబోతున్నట్టయితే మిశ్రమం పలుచన. అప్పుడు కార్బురేటర్ అడుగున, పెట్రోలు మోతాదును మార్చే జెట్ నట్టును ఒక్కొక్క పలక (నట్టుకున్న ఆరు వైపులలో ఒకటి) చొప్పున కిందికి దించాలి. ఇంత సులువుగా సర్దుబాటు అయ్యే కార్బురేటర్‌ను పారవేయడం నాకు బాధాకరంగా తోస్తుంది.

ప్రశ్నించినవారు

మీరు చెప్పినట్టే ఈ ఉదయం భీమిలి రోడ్డు మీద పరీక్షించాను. మూడవ గేరులో వెళుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడింది, ఆ వెంటనే ఇంజిను తన్నుకుని ఆగింది. పంపు మాత్రం సక్రమంగానే కొట్టి ఆగింది. ఇకపై ఏ వరుసలో చూడాలి?

సమాధానం (కంచరపాలెం నుంచి)

అయితే పెట్రోలును పక్కన పెట్టవచ్చు. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు తీగలు తగిలించి బండిలో ఉంచుకోండి, ఒక తీగ ఎప్పుడూ ఇంజినుకు ఎర్త్ అయి ఉండాలి. బండి ఆగగానే ఇగ్నిషన్ తాళం ఆన్‌లోనే ఉంచి, రెండవ తీగను కాయిల్‌పై తెల్ల తీగ వచ్చే కొనకు తాకించండి. బల్బు వెలగకపోతే లోపం తాళం స్విచ్చిలోనో, మీటరు దగ్గరి అతుకులలోనో ఉంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఆ లూకాస్ కంపెనీ కరెంటు అతుకులు పచ్చగా తుప్పు పట్టడం చాలా మామూలు.

అక్కడ వెలిగితే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్ల నడుమ పొడి కాగితం ముక్క పెట్టి, తెలుపు నలుపు తీగ ఉన్న రెండవ కొనకు తాకించండి. ఇప్పుడు బల్బు వెలగాలి. వెలగకపోతే ఆ తీగను కాయిల్ నుంచి ఊడదీసి మళ్లీ కొనకు తాకించండి. అప్పుడు వెలిగితే కాయిల్ లోపలి చుట్టు తెగలేదు, డిస్ట్రిబ్యూటర్‌లో ఏదో ఎర్త్‌కు తగులుతోంది. అది చాలా తరచుగా వేడికి లోపల కలిసిపోయిన (షార్ట్ అయిన) కండెన్సర్, అంటే పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను అణిచే చిన్న భాగం, లేదా పాయింట్లకు వెళ్లే సన్నని తీగ పైపొర ఊడి, పాయింట్లు బిగించి ఉండే పళ్లేనికి రాసుకోవడం. కాగితం ఉండగా తొలిసారే వెలిగితే పాయింట్ల ముఖాలను, పళ్లేనికి ఉన్న ఎర్త్ తీగను చూడాలి. ఇంజిను వ్యాక్యూమ్ ఆ పళ్లేన్ని ఇటూ అటూ లాగీ లాగీ ఆ తీగ లోపల తెగిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

కొత్త కండెన్సర్ వేసేటప్పుడు పాతదాన్ని పూర్తిగా ఊడదీయండి; పాతది లోపల కలిసిపోయి ఉంటే దాని పక్కన ఎన్ని కొత్తవి తగిలించినా ప్రయోజనం లేదు. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంచి, ఆపైన టైమింగు (స్పార్కు పడే సమయం) తప్పక సరిచూసుకోండి, ఎందుకంటే సందు మారితే టైమింగు కూడా జరుగుతుంది. పానాల విషయంలో ఒక హెచ్చరిక: ఈ బండి నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం నట్టుకు 13 నంబరు పానా పట్టినట్టే ఉండి మూలలు తినేస్తుంది.

సమాధానం (పెదవాల్తేరు నుంచి)

పెయింటు బుడగల గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. ఇగ్నిషన్ లోపం ఒక పూట పని, ఇది మాత్రం బండి ప్రాణానికి సంబంధించినది. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. పైకప్పు లేని మీ బండిలో బరువంతా మోసేది డోర్ల కింద పెట్టెలా సాగే ఆ సిల్ భాగమే. బుడగ కనిపించిన చోట తుప్పు లోపలి నుంచి బయటికి వచ్చిందని భావించి, స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే అక్కడ పుట్టీ పూసి పెయింటు వేయించవద్దు. అలాంటి చోట జాకీ కూడా పెట్టవద్దు. ముందు చక్రాల నడుమ అడ్డంగా ఉండే ఇరుసు దూలం కింద జాకీ ఎత్తి, గట్టి స్టాండ్లు నిలిపిన తరువాతనే కిందికి దూరండి.

సీట్ల వెనుక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీల పెట్టెలను కూడా అదే రోజు చూడండి, అవి యాసిడ్‌కూ తేమకూ ముందుగా పాడవుతాయి. సిల్ కోయవలసి వస్తే ముందుగా డోరు ఖాళీకి అడ్డంగా ఇనుప పట్టీ వెల్డు చేయించి, ఒక వైపు పూర్తయ్యాకనే రెండవ వైపు ముట్టుకోమనండి. లేకపోతే బండి నడుము వంగి, డోర్లు మళ్లీ సరిగా పడవు. ఆటోనగర్‌లో మంచి పనివారున్నారు గానీ ఈ వరుస మీరు దగ్గరుండి చూసుకోవలసినదే. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటర్ తీగలు ఊడదీయించండి.

ఇనుము ఇంకా గట్టిగా ఉంటే సిల్ కింది రంధ్రాలను తీగతో శుభ్రపరచి, పూర్తిగా ఆరాక లోపలికి మైనం స్ప్రే చేయండి. మీ ఇల్లు తీరానికి అంత దగ్గర కనుక బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో కడగకుండా మునిసిపల్ నీరే వాడండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది, నూలు కవరు మేలు. బ్రేకు ఆయిలు కూడా మన గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకొకసారి మార్చండి.

ప్రశ్నించినవారు

కాగితం పరీక్షలో బల్బు వెలగలేదు, తీగ ఊడదీయగానే వెలిగింది. పాత కండెన్సర్ తీసేసి కొత్తది వేశాక సింహాచలం కొండ ఎక్కి దిగాను, బండి ఎక్కడా ఆగలేదు. ఎడమ సిల్ గట్టిగానే ఉంది. కుడివైపు వెనుక చక్రం దగ్గర మాత్రం స్క్రూడ్రైవర్ దిగబడింది, అక్కడి ఫొటోలు రేపు పెడతాను. కోయించవలసినది ఎంత మేరకో చూసి చెప్పగలరు.