నీరు తీసి, మళ్లీ నీరు కలిపిన రసాన్ని ‘100 శాతం పండ్ల రసం’ అనవచ్చునా?

చర్చను ప్రారంభించిన సభ్యుడు:

కాన్సంట్రేట్‌లో, అంటే నీరు తీసి చిక్కబరిచిన రసంలో, మళ్లీ నీరు కలిపి తయారుచేసే రసాల ప్యాకెట్లపై, ప్రకటనలలో ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాట ఉండరాదని 2024 జూన్‌లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ఇటువంటి రసాలలో ప్రధాన పదార్థం నీరేనని, పండు వాటా పరిమితమేనని ఆ ఆదేశం కారణం చూపింది. నా దృష్టిలో ఇది న్యాయమైన నిర్ణయం. పదార్థాల పట్టికలో మొదటి స్థానం నీటిదైనప్పుడు, అదే ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలలో ‘100 శాతం’ అని ముద్రించడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే. పైనాపిల్, మామిడి, జామ రసాలు పండిన చోటికి ఎంతో దూరాన అమ్ముడవుతాయి కాబట్టి కాన్సంట్రేట్ వ్యాపారానికి అవసరమే. అయితే ఆ అవసరం రవాణాకు సంబంధించినదే కాని, పేరుకు సంబంధించినది కాదు. ఇందులో పొరపాటు ఉంటే చెప్పండి.

రస తయారీలో పనిచేస్తున్న సభ్యుడు:

మీ ఆవేదన అర్థమైంది, కాని ‘నీరు మొదట ఉంది’ అన్న వాదన లెక్కకు నిలవదు. పైనాపిల్ రసాన్ని ఆవిరి యంత్రంలో చిక్కబరిచి సుమారు 65 బ్రిక్స్‌కు తెస్తాము. బ్రిక్స్ అంటే 100 గ్రాముల రసంలో కరిగి ఉన్న ఘనపదార్థం ఎన్ని గ్రాములో తెలిపే కొలత. పండ్ల రసంలో అందులో అధిక భాగం చక్కెరలే. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం (247-2005) ప్రకారం తిరిగి నీరు కలిపిన పైనాపిల్ రసం 12.8 బ్రిక్స్ ఉండాలి. ఒక కిలో కాన్సంట్రేట్‌లో ఉన్న 650 గ్రాముల ఘనపదార్థాన్ని ఆ స్థాయికి పలుచన చేస్తే సుమారు ఐదు కిలోల రసం వస్తుంది. అంటే నాలుగు పాళ్ల నీరు, ఒక పాలు కాన్సంట్రేట్. పట్టికలో నీరు మొదట రావడం ఈ లెక్క వల్లనే తప్ప మోసం వల్ల కాదు. పండులో నుంచి ఎంత నీరు తీశామో అంతే తిరిగి చేర్చాము. ఈ పద్ధతి వల్లనే ఒకే ఓడలో ఐదింతల రసానికి సరిపడే సరుకు వెళుతుంది.

కాన్సంట్రేట్ చేయని రసమంటే అప్పుడే పిండినదని చాలామంది అనుకుంటారు. అదీ వేడిచేసినదే, అదీ ఎసెప్టిక్ (సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసి మూసిన) ట్యాంకులలో నెలల తరబడి నిలువ ఉండగలదు. నీటిని ఆవిరి చేసేటప్పుడు సువాసన ద్రవ్యాలు అన్నిటికంటే ముందు పోతాయన్నది నిజమే. అందుకే మంచి కర్మాగారాలు ఆ ఆవిరిని వేరుగా పట్టి, చల్లార్చి, సువాసనను మళ్లీ రసంలో చేరుస్తాయి. ఆ పని చేయని రసం రుచిలోనే తెలిసిపోతుంది. ఆ నిర్లక్ష్యాన్ని నేను సమర్థించను.

మామిడి సంగతి వేరు. గుజ్జు చిక్కదనం వల్ల దానిని ఎక్కువగా కాన్సంట్రేట్ చేయడం కష్టం. వ్యాపారంలో సాధారణంగా కనిపించేది 28 బ్రిక్స్ కాన్సంట్రేట్. కోడెక్స్ అడిగే 13.5కు తెస్తే అది రెండింతలు మాత్రమే అవుతుంది. ఓడలో ఆదా అయ్యే చోటు తక్కువ కనుక మామిడి ఎక్కువగా గుజ్జు రూపంలోనే, డ్రమ్ములలోని ఎసెప్టిక్ సంచులలో ప్రయాణిస్తుంది. అన్ని పండ్లకూ ఒకే నియమం పెట్టేవారు ఈ తేడాను గమనించాలి.

ఆహార పరీక్షాశాలలో పనిచేసిన సభ్యురాలు:

పై లెక్క సరైనదే, కాని తీసినంత నీరే తిరిగి చేర్చారని ఎవరు నిర్ధారిస్తారు? బ్రిక్స్ ఒక్కటే చూస్తే నీరు ఎక్కువ పోసి, పంచదారతో ఆ లోటు పూడ్చినా పరీక్షలో నెగ్గవచ్చు. ఈ కల్తీని పట్టడానికి కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల) నిష్పత్తి ఉపయోగపడుతుంది. చెరకు, మొక్కజొన్నల కిరణజన్య సంయోగక్రియ ఒక రకం, మామిడి, జామ, నారింజలది మరొక రకం; అందువల్ల చెరకు చక్కెర కలిస్తే ఆ నిష్పత్తి మారుతుంది. పైనాపిల్ మొక్క ఈ రెండు రకాలకూ చెందదు. అది రాత్రివేళ కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి దాచుకునే జాతి కావడంతో, దాని చక్కెరల నిష్పత్తి చెరకు చక్కెరకు చాలా దగ్గరగా ఉంటుంది. కాబట్టి అందరూ నమ్మే ఆ ఒక్క పరీక్ష పైనాపిల్ విషయంలో దాదాపు పనికిరాదు. ఆమ్లాలను, ఖనిజాలను, చక్కెరల పరస్పర నిష్పత్తులను కలిపి చూడాలి, అందుకు ఖర్చు, సమయం, అనుభవం కావాలి. మీరు నిజాయితీగా చేస్తున్నారనే నమ్ముతాను, కాని ‘100 శాతం’ అన్న మాటకు రుజువు తేలికగా దొరకని పండు కూడా ఉందని మరువకండి.

మరొక సభ్యురాలు:

పిల్లలకు కొనే తల్లిదండ్రుల వైపు నుంచి ఒక్క మాట. ‘100 శాతం’ అని చూసినవారు దానిలో చక్కెర భయం లేదని అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాలు పండ్ల రసంలో సహజంగా ఉండే చక్కెరను కూడా పరిమితం చేయవలసిన చక్కెరల లెక్కలోనే చేర్చాయి. నీరు కలిపారా లేదా అన్నదానికంటే నాకు ఇదే ముఖ్యం.

చర్చను ప్రారంభించిన సభ్యుడు:

నీటి గురించిన నా వాదనను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆ లెక్కే నన్ను మరింత ఆందోళనకు గురిచేసింది. కోడెక్స్ ప్రకారం మామిడి నెక్టార్‌లో (గుజ్జుకు నీరు, చక్కెర కలిపిన పానీయంలో) పండు వాటా కనీసం 25 శాతం ఉంటే చాలు. అంటే 100 గ్రాములలో పండు నుంచి వచ్చే కరిగే ఘనపదార్థం సుమారు 3.4 గ్రాములే ఉండవచ్చు, తక్కిన తీపి అంతా బయటి చక్కెరది. దాని పట్టికలోనూ మొదట ఉండేది నీరే. నిజాయితీగా పునరుద్ధరించిన రసమూ, పావు వంతు పండు మాత్రమే ఉన్న పానీయమూ కొనేవారి కంటికి పట్టికలో ఒకేలా కనిపిస్తాయి. ‘100 శాతం’ అన్న మాటను తీసివేస్తే వాటి మధ్య తేడాను చెప్పే ఒకే గుర్తు పోతుంది. ఉంచితే, నిరూపించలేని హామీ మిగులుతుంది.

అందుకని నా ప్రతిపాదనను మార్చుతున్నాను. ‘కాన్సంట్రేట్ నుంచి’ అన్న మాటలు కనీసం రసం పేరు అక్షరాలలో సగం ఎత్తులో ఉండాలని కోడెక్స్ ఇప్పటికే చెబుతోంది. నేను పూర్తి సమాన ఎత్తు అడుగుతున్నాను. దాని పక్కనే పండు వాటా ఎంత శాతమో, కలిపిన చక్కెర ఎంతో అంకెలలో ఉండాలి. అప్పుడు ‘100’ అన్న అంకె ఉన్నా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే పక్కనున్న నెక్టార్‌పై ‘25’ అని కూడా అదే పరిమాణంలో కనిపిస్తుంది.

రస తయారీలో పనిచేస్తున్న సభ్యుడు:

దీనికి నేను ఒప్పుకుంటాను. సమాన ఎత్తు అక్షరాలకు మా అమ్మకాల విభాగం అడ్డు చెబుతుందని తెలిసే ఈ మాట అంటున్నాను. పరీక్షాశాల సభ్యురాలికి ఒక ప్రశ్న: పైనాపిల్‌కు మీరు చెప్పిన పరీక్షల సముదాయాన్ని ప్రతి బ్యాచ్‌కూ జరపడం చిన్న కర్మాగారానికి సాధ్యం కాదు. కాన్సంట్రేట్ తయారైన చోటనే, డ్రమ్ము మూసే ముందు నమూనా తీసి పరీక్షించి, ఆ నివేదికను సరుకుతోపాటు పంపితే అది మీకు సరిపోతుందా?