కథ చెప్పేవాడే అబద్ధమాడితే అది పాఠకుణ్ణి మోసం చెయ్యడమేనా?

పాలకొల్లు పాఠకుడు:
వైనతేయ గారు ఇక్కడ పెట్టిన పెద్దకథ మీదే నా గొడవ. చదవనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. గోదారి మధ్యలో ఉన్న కోనసీమ లంక, వరద రోజులు. ఇద్దరు అన్నదమ్ములు, ఉమ్మడి కొబ్బరితోట మీద తగువు. కథ చెప్పేది తమ్ముడు. “రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని రేడియోలో విన్నాను. అన్నయ్యకి జ్వరం. బండి మీద కాజ్‌వే దాటి గన్నవరం వెళ్ళి మందులు తెచ్చాను. వచ్చేసరికి మంచం ఖాళీ.” అక్కణ్ణుంచి కథంతా అన్న కోసం వెతుకుతాడు, ఏడుస్తాడు, మనల్నీ ఏడిపిస్తాడు. తీరా చివరి పేజీలో ఆ రాత్రి తను ఎక్కడికీ వెళ్ళలేదని, తాగి ఉన్నానని, గొడవలో అన్నని గట్టు మీంచి తోసేశానని ‘గుర్తు తెచ్చుకుంటాడు’.

‘నేను’ అని చెప్పేవాడి మాట తప్ప పాఠకుడికి వేరే దిక్కు లేదు. అంతసేపు నమ్మించి ఆఖర్న ఉత్తుత్తినే అంటే అది సస్పెన్స్ కాదండి, బుకాయింపు. ఇంగ్లీషు డిటెక్టివ్ కథలవాళ్ళు కూడా దీనికి హద్దులు పెట్టుకున్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ రాసిన పది సూత్రాల్లో ఒకటేంటంటే, డిటెక్టివ్ పక్కనుండే మిత్రుడు తన మనసులో మెదిలిన ఏ ఆలోచననీ పాఠకుడికి దాచకూడదు. మరి మనకెందుకీ దొంగాట?

లంక కుర్రాడు:
ఆయ్, నాకు రెండో పేజీలోనే తెలిసిపోయిందండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి మట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే మా కాజ్‌వే మీంచి, అదే పాయ మీద ఎత్తు తక్కువగా వేసిన రోడ్డు మీంచి, నీళ్ళు పోతాయి, రాకపోకలు పడవల మీదే. రెండో హెచ్చరిక నాడు బండి మీద దాటాడంటే ఆ బండికి తెడ్డు కట్టుండాలి.

పాలకొల్లు పాఠకుడు:
తొందరపడకండి. ధవళేశ్వరంలో హెచ్చరిక ఇచ్చిన గడియకే మీ లంకలో నీళ్ళు లేచిపోవు కదా. బ్యారేజీ నుంచి కిందికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ సందులో వెళ్ళొచ్చాడేమో!

లంక కుర్రాడు:
అదీ చూశానండి. ముందురోజు పొద్దున్నే గొడ్లని గట్టు మీదకి తోలేశామని తమ్ముడే చెప్పాడు. మా దగ్గర గొడ్లు గట్టెక్కాయంటే కాజ్‌వే అప్పటికే మునిగినట్టు లెక్క. అతను మందుల గురించి అబద్ధం ఆడదామనుకున్నాడు గానీ గొడ్ల గురించి ఆడాలని తోచలేదు. అక్కడ దొరికాడు.

భీమవరం బుల్లెబ్బాయి:
కుర్రాడు అసలు విషయం పట్టేశాడు. నాక్స్ సూత్రాలకి మూడేళ్ళ ముందే, 1926లో, అగాథా క్రిస్టీ ‘రోజర్ అక్రాయిడ్’ నవలతో ఈ పంచాయితీ తెచ్చిపెట్టింది. (ఇంకా చదవనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. వందేళ్ళైంది కాబట్టి నన్ను తిట్టొద్దు.) అందులో కథ చెప్పే డాక్టరే హంతకుడు. అయితే హత్య జరిగిన రాత్రి గురించి ఒక్క తప్పుడు మాట రాయడు. ఉత్తరం తొమ్మిదికి ఇరవై నిమిషాలుండగా వచ్చింది, నేను గదిలోంచి వచ్చేటప్పటికి తొమ్మిదికి పది నిమిషాలుంది అంటాడు. రెండూ నిజమే. మధ్యలో పది నిమిషాలు ఏం చేశాడో మనం అడగం, అతను చెప్పడు. ఆ రోజుల్లో దాన్ని మోసమన్నవాళ్ళూ ఉన్నారు, శభాష్ అన్నవాళ్ళూ ఉన్నారు. నాది రెండో జట్టు.

ఇలాంటివాణ్ణి ‘నమ్మదగని కథకుడు’ అని పేరుపెట్టి విమర్శలోకి తెచ్చింది అమెరికా విమర్శకుడు వేన్ బూత్, 1961లో. పేరు అక్కడిదే గానీ సరుకు మనకి కొత్త కాదు. మా జిల్లా మొగలితుర్రు నుంచి బారిస్టరు చదువుకని బయల్దేరిన పార్వతీశం మాటేంటి? 1924 నాటి పుస్తకం. తన కథ తనే చెప్పుకుంటాడు. అతనికి అర్థం కానిదంతా అతని మాటల్లోంచే మనకి అర్థమవుతుంది, అందుకే నవ్వొస్తుంది. అతను అబద్ధమాడడు, చూపు ఆనదంతే. నవ్వు తీసేసి అక్కడో శవాన్ని పెట్టండి, సైకలాజికల్ సస్పెన్స్ తయారు.

కాబట్టి అబద్ధమాడటం తప్పు కాదు. అబద్ధాన్ని పట్టుకునే వీలు పేజీలో లేకపోతేనే తప్పు. ఈ కథలో ఉంది.

పాలకొల్లు పాఠకుడు:
ఉంది, మీ గోదారోళ్ళకి. హైదరాబాదులో కూర్చుని చదివేవాడికి రెండో హెచ్చరిక అంటే ఏం తెలుస్తుంది? కాజ్‌వే అంటే ఫ్లైఓవర్ లాంటిది కాబోలు అనుకుంటాడు. పాలకొల్లు వాణ్ణి, నాకే ఆ అడుగుల లెక్క నోటికి రాదు.

భీమవరం బుల్లెబ్బాయి:
హైదరాబాదువాడికి మందుల చీటీ ఉంది కదండీ! ఎస్సై తమ్ముడి చొక్కా జేబులోంచి చీటీ తీసి విప్పుతాడు. సిరా ఎక్కడా చెదరలేదు, మడత కూడా పెళపెళలాడుతోంది. రాత్రంతా వాన అని తమ్ముడే నాలుగుసార్లు చెప్పాడు. వానలో బండి మీద వెళ్ళొచ్చినవాడి జేబులో చీటీ పొడిగా ఎలా ఉంది? మందుల షాపువాడు చూసి తిరిగిచ్చిన చీటీ అయితే ఇంకా నలిగి ఉండాలి. దీనికి గోదారి తెలియక్కర్లేదు.

కాకినాడ డాక్టరమ్మ:
మీరంతా అతను కావాలని అబద్ధమాడాడనే అనుకుంటున్నారు. నా అభ్యంతరం వేరే చోట. తాగిన మైకంలో జరిగినది చివర్లో సినిమా రీలులా పూర్తిగా గుర్తొచ్చిందని రాశారు. తాగుడు సస్పెన్స్ కథల్లో ఇదే వరస, చూసి చూసి విసుగొచ్చింది. మద్యం ఎక్కువై ఒక ముక్క మొత్తం చెరిగిపోయిందంటే ఆ సమయంలో మెదడు జ్ఞాపకాన్ని రాసుకోనే లేదని అర్థం. రాయనిది తర్వాత ఎక్కణ్ణుంచి వస్తుంది? చెదురుమదురుగా పోయినప్పుడు మాత్రం ఎవరో గుర్తుచేస్తే కొన్ని తునకలు దొరుకుతాయి. ఇక్కడ తొయ్యడం దగ్గర్నుంచి అన్న కళ్ళదాకా వరసగా దొరికేశాయి!

ఖాళీని మనిషి ఖాళీగా ఉంచుకోడు, అదీ సంగతి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే సైకాలజిస్టులు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. ‘తగిలినప్పుడు’ అని అడిగినవాళ్ళకంటే ‘పచ్చడైపోయేలా గుద్దుకున్నప్పుడు’ అని అడిగినవాళ్ళు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత, ఫిల్ములో లేని పగిలిన గాజుని చూశామన్నవాళ్ళు కూడా ఆ రెండో గుంపులోనే ఎక్కువ. వీళ్ళెవరూ అబద్ధాలకోరులు కారు.

అందుకని ఈ తమ్ముడు నిజంగానే మందులు తెచ్చాననుకుంటున్నాడని రాస్తే? ఎండాకాలంలో ఆ కాజ్‌వే మీద ఎన్నిసార్లు తిరిగుంటాడో. అలాంటి ఒక రాత్రిని తెచ్చి వరద రాత్రికి అతికించుకున్నాడు. తర్వాత ఊళ్ళోవాళ్ళు ‘మందులకి వెళ్ళావటగా బాబూ’ అని ఒకరిద్దరు అంటే చాలు. అప్పుడు కాజ్‌వే పొరపాటు ఇంకా భయంగా ఉంటుంది.

పాలకొల్లు పాఠకుడు:
డాక్టరమ్మగారూ, అలాగైతే నేను ఎవరి మీద కోప్పడాలండీ? అన్నని చంపి, తెలియకుండానే అబద్ధమాడి, మన జాలి కూడా తీసుకుపోతాడు. అబద్ధాలకోరైతే కనీసం తిట్టుకుని నిద్రపోవచ్చు.

కాకినాడ డాక్టరమ్మ:
నిద్ర పట్టకూడదనే కదా ఇలాంటివి రాసేది.

లంక కుర్రాడు:
నా డౌటు ఒకటండి. అతను నమ్మే చెబుతున్నాడంటే గొడ్లని తోలింది కూడా కల్పనే అయ్యుండొచ్చు కదా? అప్పుడు నేను దేన్ని పట్టుకోవాలి?

భీమవరం బుల్లెబ్బాయి:
మంచి దెబ్బ కొట్టావు. అందుకే ఏదో ఒకటి అతని నోట్లోంచి కాకుండా బయట ఉండాలి. ఇక్కడైతే చీటీ. దాన్ని చూసింది ఎస్సై. అది కూడా తమ్ముడే చెబుతున్నాడు గదా అంటారేమో, నిజమే, కానీ దాని అర్థం తనకే తెలియకుండా చెబుతున్నాడు. తనకి పనికొచ్చే మాట అయితే అనుమానిస్తాను. తన మెడకే చుట్టుకునే మాట అయితే నమ్ముతాను. కోర్టులో లాయర్లు చేసేదీ దాదాపు ఇదే.

వైనతేయ:
కథ రాసిన పాపం నాదే. అన్నీ చదివాను. చివరి ఒప్పుకోలు పేజీ నా మొదటి రాతలో లేదు. అర్థం కాలేదని ఇద్దరు ముగ్గురు అంటే తర్వాత కలిపాను. డాక్టరమ్మగారు చెప్పాక ఆ పేజీ మొత్తం పీకేద్దామనిపిస్తోంది. చీటీ దగ్గరే ఆపేస్తాను. ఎస్సై దాన్ని మడిచి తమ్ముడి చేతికే ఇచ్చేస్తాడు, తమ్ముడు “చూశారా, మందులకే వెళ్ళాను” అంటాడు. గొడ్ల ముక్క మాత్రం తమ్ముడి చేత కాకుండా పక్కింటి ముసలావిడ చేత అనిపిస్తాను. కుర్రాడి డౌటుకి అదొక్కటే దారిలా ఉంది.

పాలకొల్లు పాఠకుడు:
ఒప్పుకోలు తీసేస్తే అతను చంపాడా, అన్న తనే జారాడా అన్నది తేలదు. అది ఇంకా పెద్ద మోసం! నా ఓటు ఆ పేజీకే. పైగా మా అమ్మ ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ ముందు చదివిగానీ మొదటి పేజీ తెరవదు. ఆవిడకి మీరు సమాధానం చెప్పుకోండి.